తూర్పు ముఖం ఇంటి వెనకాల పెర్గోలా: ఏ డిజైన్, ఏ మెటీరియల్?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హన్మకొండలో 267 గజాల ప్లాటు, తూర్పు ముఖం ఇల్లు. వెనకాల 18 అడుగుల పొడవు, 15 అడుగుల లోతు జాగ ఉంది. సాయంత్రాలు కూర్చోవడానికి, ఆదివారం చుట్టాలొస్తే టీ తాగుతూ ముచ్చట పెట్టుకోవడానికి మోడ్రన్ పెర్గోలా, అంటే స్తంభాల మీద సందులు వదిలి పట్టీలు పరిచిన పందిరి, వేయించాలి. ఫోన్లో దాచుకున్న ఫోటోలన్నింటిలో నల్ల ఫ్రేము, పైన గాజు, కింద పసుపు లైట్లు ఉన్నాయి. ఇనుము మంచిదా, టేకా, అల్యూమినియమా? పైన గాజు వేయాలా, ఖాళీగా వదలాలా? మోటారుతో తెరుచుకునే పట్టీలు పెట్టించొచ్చా? వాస్తు ప్రకారం ఇబ్బంది ఉంటుందా?

నేను హన్మకొండలోనే ఫాబ్రికేషన్ పనులు, చిన్న చిన్న సివిల్ పనులు చేయిస్తుంటాను. వరంగల్, కాజీపేట, కరీంనగర్ వైపు పెర్గోలాలు చాలానే వేశాం. ఇతరులు వేసినవి విప్పి మళ్లీ కట్టిన సందర్భాలూ ఉన్నాయి.

సూటిగా చెప్పాలంటే: ఇనుప ఫ్రేము వేయండి. పైన గాజు వద్దు. పై పట్టీలు ఉత్తరం నుంచి దక్షిణానికి పరుగెత్తేలా పెట్టించండి. పడమర వైపు నిలువుగా ఒక తెర కట్టండి. ఇంటి తలుపు ముందు ఐదారు అడుగుల మేర మాత్రం షీటు వేసుకోండి. ఈ ఐదింట్లో ఒక్కటే చేయగలిగే బడ్జెట్ ఉంటే పడమటి తెర కట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. మనం తూర్పు ముఖం ప్లాటు కావాలని గజానికి ఇంత ఎక్కువిచ్చి మరీ కొంటాం. ఇల్లు తూర్పు చూస్తే పెరడు పడమర చూస్తుంది. పొద్దున ఇంటి నీడ పెరటి మీద పడుతుంది, చల్లగా ఉంటుంది, కానీ అప్పుడు అక్కడ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. సాయంత్రం తీరిక దొరికే వేళకు ఎండంతా పెరట్లోనే ఉంటుంది. మీ ఫోటోల్లో చాలావరకు చల్లటి దేశాల ఇళ్లవి. వాళ్లు ఎండ కోసం ఎదురుచూస్తారు, గాజు పెట్టుకుంటారు. మనకు మేలో 43, 44 డిగ్రీలు మామూలే, రామగుండం వైపు అయితే ఇంకా పైకి పోతుంది.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ మీరు ఎలాగూ పెరట్లోకి రారు. సాయంత్రం నాలుగింటి సంగతి చూడండి. మేలో ఆ టైముకు సూర్యుడు పడమర దిక్కున దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీ పెర్గోలా తొమ్మిది అడుగుల ఎత్తు ఉందనుకోండి. పడమటి అంచు కింది నుంచి దూరిన ఎండ దాదాపు 13 అడుగులు లోపలికి వస్తుంది. మీ పెర్గోలా లోతు 12 అడుగులే అనుకుంటే, ఎండ నేల మొత్తం దాటి ఇంటి గోడను తాకుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి తల నాలుగు అడుగుల ఎత్తులో ఉంటే, అంచు నుంచి ఏడు అడుగుల వరకు ఎక్కడ కూర్చున్నా మొహం మీద ఎండే. పైన టేకు వేశారా, ఇటలీ అల్యూమినియం వేశారా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఎండ పైనుంచి రావడం లేదు, పక్క నుంచి వస్తోంది.

అందుకే తెర. మీ కాంపౌండు గోడ ఐదు అడుగులు ఉండి, పెర్గోలా స్తంభాలకు మూడు అడుగుల దూరంలో ఉంటే, కింద మూడు అడుగుల మేర దాని నీడే సరిపోతుంది. తెర అక్కడి నుంచి పైకి, తొమ్మిది అడుగుల దాకా కడితే చాలు. దేనితో కట్టాలన్నది మీ ఇష్టం. నిలువు పైపులు కొంచెం ఏటవాలుగా తిప్పి వెల్డింగ్ చేయిస్తే మోడ్రన్‌గా కనిపిస్తుంది, గాలీ ఆడుతుంది. తక్కువలో కావాలంటే వెదురు తడకలు, చుట్టి పైకి కట్టుకునే రకం. ఎండాకాలం రెండు నెలలు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితే ఇంకేం కావాలి, కూలర్ అక్కర్లేదు. గట్టి గోడలా మూసే షీట్లు మాత్రం వద్దు, గాలి ఆగిపోతుంది. పైగా గాలిదుమారం వచ్చినప్పుడు ఆ తోపు మొత్తం స్తంభాల మీద పడుతుంది.

ఇప్పుడు పై పట్టీల సంగతి. మా వెల్డర్లు వీటిని రాఫ్టర్లు అంటారు. మీ వెనక గోడ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఫాబ్రికేటర్‌ను పిలిస్తే ఏం చేస్తాడంటే, గోడకు ఒక పైపు బిగించి, బయట స్తంభాల మీద ఇంకో పైపు వేసి, వాటి మధ్య తూర్పు పడమరలుగా పట్టీలు పరిచేస్తాడు. పని సులువు, పైపు తక్కువ పడుతుంది, ఫోటోలో కూడా అలాగే ఉంది. కానీ సాయంత్రం సూర్యుడు పడమర నుంచి వస్తాడు. పట్టీలు అదే దిక్కుకు ఉంటే కిరణాలు పట్టీల సందుల వెంబడే జారి లోపలికి వచ్చేస్తాయి. కాజీపేటలో ఇలా కట్టిన ఇల్లొకటి ఉంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి దాని మీద నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్ కప్పేశారు. అంత ఖర్చు పెట్టి చివరికి గ్రీన్ నెట్ కింద కూర్చోవాలంటే, నాలుగు కడీలు పాతి నెట్ కట్టుకుంటే సరిపోయేది కదా.

పట్టీలు ఉత్తర దక్షిణాలుగా వేస్తే లెక్క మారుతుంది. వంద ఎంఎం ఎత్తున్న పట్టీల మధ్య ఖాళీ కూడా వంద ఎంఎం అయితే, మేలో మధ్యాహ్నం మూడుంపావు తర్వాత పైనుంచి ఎండ పడదు. ఖాళీ 75కు తగ్గిస్తే రెండూ నలభై ఐదు నుంచే నీడ మొదలవుతుంది. ఖాళీ 150కి పెంచి పైపు మిగిలించుకుందామంటే నాలుగు దాకా ఆగాలి. పట్టీ ఎత్తు, మధ్య ఖాళీ సమానంగా ఉండాలన్నది కనీస సూత్రంగా పెట్టుకోండి. మధ్యాహ్నం పన్నెండుకు మాత్రం యాభై ఎంఎం మందం పట్టీ, వంద ఎంఎం ఖాళీ అంటే నేల మీద మూడో వంతే నీడ. పెర్గోలాతో నడి మధ్యాహ్నం పూర్తి నీడ రాదు. అది కావాలంటే రేకుల షెడ్డు వేసుకోవాలి, దాని వేడి వేరే.

బరువు కూడా చూడండి. 18 అడుగుల పొడవు, 12 అడుగుల లోతుకు ఆ లెక్కన ఇరవై నాలుగు పట్టీలు పడతాయి. 100 బై 50 సైజు, రెండు ఎంఎం మందం పైపు అయితే పట్టీలే ఆరు క్వింటాళ్లు. వాటి కింద తూర్పు పడమరలుగా ఆరడుగులకు ఒకటి చొప్పున నాలుగు బీములు కావాలి. షాపుల్లో ఐదు బై రెండున్నర (అంగుళాలు) అంటారే, ఆ సైజు తీసుకోండి, మందం మూడున్నర ఎంఎం దాకా ఉండాలి. బయటి వైపు నాలుగు స్తంభాలు. స్తంభాలు తగ్గించి పొడుగు బీము వేద్దాం, మోడ్రన్‌గా ఉంటుందని ఎవరైనా అంటే, రెండేళ్ల తర్వాత ఆ బీము నడుము వంగితే బాగుచేసేదెవరని అడగండి.

గోడ వైపు బిగింపు దగ్గర ఒక జాగ్రత్త. బీముల చివరలు సజ్జ మీద ఆనించొద్దు. సజ్జ గోడ నుంచి బయటికి వేలాడే పలక, తన బరువు తాను మోసుకోవడానికి కట్టింది. ఇటుక గోడకు బోల్టులు కొట్టినా ఆగదు. స్లాబు కింద ఉండే కాంక్రీటు బీముకు యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటు రంధ్రంలో బిగుసుకునే బోల్టులు) వేయాలి. అక్కడ బీము లేదంటే గోడ పక్కనే ఇంకో వరస స్తంభాలు వేసి ఫ్రేమును ఇంటికి సంబంధం లేకుండా నిలబెట్టండి. నాకైతే ఇదే ఇష్టం. ఇంటి గోడలో తడి దిగడం, పగుళ్లు రావడం లాంటి టెన్షన్ ఉండదు.

మెటీరియల్ విషయంలో నా పక్షపాతం ముందే చెప్పేశాను. ఇనుము. అయితే ఏ ఇనుము అన్నది ముఖ్యం. కుదిరితే జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్నది తీసుకోండి. ఆ పూత లేని మామూలు ఎంఎస్ పైపు తీసుకుంటే ఎపాక్సీ ప్రైమర్, పైన పీయూ (పాలియురేథేన్) పెయింట్ వేయించండి. రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్ వేస్తే రెండు వానాకాలాలు గడిచాక వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు తేలుతుంది. జీఐ పైపులోనూ వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ జింకు పెయింట్ వేయకపోతే అదే కథ.

ఎక్కువమంది మోసపోయేది పైపు మందంలో. ఫాబ్రికేటర్లు చదరపు అడుగుకు ఇంత అని కొటేషన్ ఇస్తారు. అలా ఇస్తే పైపు ఎంత పలచగా ఉంటే వాళ్లకు అంత లాభం. కిలో లెక్కన మాట్లాడుకోండి, లేదా కొటేషన్లో సైజు, మందం రాయించుకుని పైపు దిగిన రోజు తూకం వేయించండి. 100 బై 50 పైపు ఆరు మీటర్ల నిడివి మూడు ఎంఎం మందం అయితే దాదాపు 40 కిలోలు తూగాలి, రెండు ఎంఎం అయితే 27 కిలోల పైచిలుకు. 

ఇంకొకటి, పైపు మూతులు. ప్రతి పైపు చివర ప్లేటు పెట్టి మూసి వెల్డింగ్ చేయించాలి. ప్లాస్టిక్ మూతలు ఎండకు పగిలి రాలిపోతాయి. తెరిచి వదిలేస్తే నీళ్లు లోపల నిలిచి లోపలి నుంచి తుప్పు తింటుంది, బయట పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ రంధ్రాల్లో కందిరీగలు గూడు పెడతాయి. పిల్లలున్న ఇల్లయితే దీనికోసమైనా మూయించండి.

టేకు అందంగా ఉంటుంది, కాదనను. మనకు అడవులు దగ్గర కాబట్టి టేకు చౌకగా దొరుకుతుందనుకుంటారు, కానీ మంచి చేవ ఉన్న కలప ఎక్కడైనా ఖరీదే. చేవ లేని తెల్లటి అంచు చెక్క కలిపి ఇస్తే దాన్ని చెదలు వదలవు. చేవ ఉన్నదైనా బయట ఎండకు రెండేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. ఏడాదికోసారి నూనె పట్టించే ఓపిక ఉంటే వేసుకోండి. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) చెక్కలా కనిపిస్తుంది, చెద పట్టదు, కానీ మన ఎండకు ఒట్టిగా వేస్తే వంగుతుంది. లోపల ఇనుప పైపు పెట్టి పైన తొడుగులా వాడాలి. అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక, ధర ఎక్కువ, వెల్డింగ్ చేసేవాళ్లు తక్కువ. మోటారుతో తెరుచుకునే పట్టీల రకం అడిగారు. చెడిపోతే మనిషి హైదరాబాద్ నుంచి రావాలి, వర్షాకాలంలో ఎప్పుడొస్తాడో దేవుడికెరుక. నేనైతే వద్దంటాను.

గాజు ఎందుకు వద్దంటున్నానో విడిగా చెప్పాలి, మీ మనసు దాని మీదే ఉందని ప్రశ్నలోనే తెలుస్తోంది. కరీంనగర్‌లో ఒకరి ఇంట్లో టఫెన్డ్ గాజు వేసిన పెర్గోలా చూశాను. పని నిజంగా బాగా చేశారు, ఒక్క చుక్క కారదు. కానీ గాజు ఎండను లోపలికి రానిస్తుంది, కింద వేడెక్కిన గాలి పైకి పోవడానికి దారి ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా అక్కడ ఎవరూ కూర్చోరు. దుమ్ము, పక్షుల రెట్టలు, రాలిన వేపాకు అన్నీ పైన కనిపిస్తూ ఉంటాయి, తుడవాలంటే నిచ్చెన. చివరికి గాజు కింద వెదురు చాపలు బిగించారు. అంటే పైన ఆకాశం కనిపించాలని పెట్టిన గాజు ఇప్పుడు కనిపించడం లేదు. ఎండాకాలం పెళ్లిళ్లకు తాటాకు పందిరి కింద అంత చల్లగా ఎందుకుంటుందో గమనించారా? ఆకు వేడిని పట్టి ఉంచదు, సందుల్లోంచి గాలి పోతూ ఉంటుంది. రేకూ గాజూ ఈ రెండూ చేయలేవు.

వానలో కూడా కూర్చోవాలి అంటారు, ఆ సరదా నాకూ అర్థమవుతుంది. దానికే తలుపు ముందు ఐదారు అడుగులకు మల్టీవాల్ పాలికార్బనేట్ షీటు (లోపల గొట్టాల్లా ఖాళీలుండే గట్టి ప్లాస్టిక్ షీటు) వేయమంటున్నాను. ఓపల్ రంగు తీసుకోండి, తెల్లటి పాలరంగులో ఉంటుంది, క్లియర్ వద్దు. పది అడుగులకు కనీసం అడుగు వాలు ఇవ్వాలి. షీటు ఎండకు పాడవకుండా వేసే యూవీ పూత ఒక వైపే ఉండే రకాలు ఎక్కువ, ఆ వైపు పైకి రావాలి. ఫిల్మ్ మీద రాసి ఉంటుంది, పనివాళ్లు ముందే పీకేస్తారు, అప్పుడు ఏది పైకో ఎవరికీ తెలియదు. దగ్గరుండి చూసుకోండి. అంచులకు టేపు వేసి మూయకపోతే గొట్టాల్లో చీమలు, పాచి చేరతాయి. ఇంకా, స్క్రూ రంధ్రం స్క్రూ కన్నా పెద్దగా ఉండాలి. మూడు మీటర్ల షీటు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు ఎనిమిది ఎంఎం సాగుతుంది. బిగించి కొడితే ఆ షీటు ఉబ్బుతుంది, రాత్రి చల్లబడేటప్పుడు టక్కు టక్కుమంటుంది, కొన్నాళ్లకు స్క్రూ దగ్గర పగుళ్లిస్తుంది.

ఇక కోతులు. బయటి డిజైనర్లెవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర పెర్గోలా వేయడమంటే కోతులకు దారి వేయడమే. పక్కింటి ట్యాంకు మీంచి మీ పెర్గోలా మీదికి, అక్కడి నుంచి మీ బాల్కనీకి. గుంపుగా దూకితే పలచటి పాలికార్బనేట్ షీటు పగులుతుంది. వేలాడే లైట్లు, దండలా కట్టే చిన్న బల్బులు ఒక వారం కూడా ఉండవు. లైట్లు స్తంభానికి అతికిన రకం, జాలీ ఉన్నవి పెట్టుకోండి. వైరు పైపు లోపలి నుంచే రావాలి, ఫ్రేముకు ఎర్తింగ్ తప్పనిసరి, ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. వానలో తడిసిన ఇనుప ఫ్రేము, కోతి కొరికిన వైరు, పక్కనే ఆడుకునే పిల్లలు. ఇక్కడ ఖర్చు తగ్గించుకోకండి. పెర్గోలాకూ బాల్కనీకీ మధ్య దూరం వీలైనంత ఎక్కువ ఉంచండి, లేదంటే బాల్కనీకి గ్రిల్ వేయక తప్పదు.

తీగల గురించి మీరు అడగలేదు గానీ, పట్టీల మధ్య మిగిలిన మధ్యాహ్నం ఎండకు మందు అదే. చిక్కుడు, బీర, ద్రాక్ష అంటే కోతులకు భోజనం పెట్టినట్టే. రాధామనోహరం బాగా పాకుతుంది, సాయంత్రం వాసన అదిరిపోతుంది, మన ఎండను తట్టుకుంటుంది. సన్నజాజి కూడా మంచిదే, కాస్త నిదానం. కాగితంపూల చెట్టు బరువెక్కుతుంది, ముళ్లు, కత్తిరించే ఓపిక కావాలి. ఏదైనా సరే, నేరుగా ఇనుము మీద పాకనీయకండి. మేలో నల్ల పైపు కాలిపోతుంటుంది, లేత చిగుళ్లు మాడిపోతాయి. పట్టీలకు రెండు అంగుళాల ఎత్తులో జీఐ తీగ లాగి దాని మీద పాకించండి. నల్ల రంగుకు బదులు ముదురు బూడిద రంగో కాఫీ రంగో వేస్తే దుమ్ము కూడా తక్కువ కనిపిస్తుంది.

పునాది నేలను బట్టి ఉంటుంది. చలక నేల, కింద మొరం తగిలితే మూడు అడుగుల గుంత చాలు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, పైపైన పాతిన స్తంభం ఏడాదిలో ఒరుగుతుంది. అక్కడ గట్టి నేల తగిలేదాకా తవ్వి, గుంత చుట్టూ మొరం నింపాలి. స్తంభాన్ని నేరుగా మట్టిలో గానీ కాంక్రీటులో గానీ పాతొద్దు. నేల మీద ఆరు అంగుళాల కాంక్రీటు దిమ్మె, దాని పైన బేస్ ప్లేటు, బోల్టులు. దిమ్మె పై అంచు వాలుగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ ఆ కింది అంగుళం దగ్గరే. ఏప్రిల్, మే నెలల గాలివానలకు షీటు ఉన్న భాగం పైకి లేస్తుంది కాబట్టి బోల్టులు పేరుకు రెండు కాకుండా ప్రతి స్తంభానికి నాలుగు వేయించండి.

వాస్తు కూడా అడిగారు. ఈశాన్యంలో బరువు వద్దని, నైరుతిలో ఉంటే మంచిదని అంటారు. మీది పడమర పెరడు కాబట్టి ఈ లెక్కన ఇబ్బంది రాదు. నైరుతి మూల వైపు జరిపితే ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఏమీ అనరు, పైగా ఆ మూల నుంచే సాయంత్రం ఎండ ఎక్కువ రోజులు వస్తుంది కాబట్టి తెర కూడా సరిగ్గా కుదురుతుంది. అనుమతి సంగతికొస్తే, వెనకాల వదిలిన జాగ సెట్‌బ్యాక్ (రూలు ప్రకారం ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కింద చూపించి ఉంటే, పైన షీటు వేసే ముందు మీ ప్లాన్ పట్టుకుని మున్సిపల్ టౌన్ ప్లానింగ్ వాళ్లను ఒకసారి అడగండి. ఖాళీ పట్టీలకూ, కప్పు వేసిన భాగానికీ వాళ్లు తేడా చూస్తారు.

మీ వెనక ప్లాటు ఖాళీగా ఉందా, ఇల్లుందా అనేది ప్రశ్నలో లేదు. అక్కడ రెండంతస్తుల ఇల్లు ఉంటే నాలుగింటికల్లా దాని నీడ మీ పెరట్లో పడుతుంది, తెర ఖర్చు మొత్తం మిగులుతుంది. ఖాళీ ప్లాటు అయితే ఇప్పుడు తెరను వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగించండి, రేపు అక్కడ ఇల్లు లేస్తే విప్పి పక్కన పెట్టొచ్చు. అది చెప్పి, నేల చలకో రేగడో కూడా రాయండి. స్తంభాల సైజు, గుంత లోతు అప్పుడు చెప్తాను.